మాటల్లేని బొమ్మకు వచనం రాసేవారికి

యువ మిత్రులకు నమస్కారం.

ఫ్రెంచ్ చిత్రకారుడు మోబియస్ గీసిన అర్జాక్ అనే మాటల్లేని బొమ్మల కథల ఆధారంగా మీరు మొదలుపెట్టిన ఫాంటసీ నవల తొలి అధ్యాయం చదివాను. మీ వచనంలో ధార ఉంది. ఆ చిత్రకారుడి మీద మీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ప్రేమకొద్దీ మీరు ఆయన గీసిన రాళ్లను, ఆకాశాన్ని, కోసుగా నిలిచిన టోపీని, రెక్కలు చాచిన ఆ వింత జీవిని ఒక్కటీ వదలకుండా వర్ణించుకుంటూ వెళ్లారు. అధ్యాయం సగానికి వచ్చినా ఎవరికీ ఏమీ జరగలేదు. బొమ్మలు చూసినవారికి ఆ వర్ణన అక్కర్లేదు, చూడనివారికి అది చాలదు. బొమ్మ ఏ విషయం దగ్గర మౌనంగా ఉండిపోయిందో వెతికి, వచనాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టమని నా సలహా.

ఆ మౌనం ఎలా వచ్చిందో మీరు తెలుసుకోవాలి. మోబియస్ అసలు పేరు జాఁ జిరో. ఆయన 1963 నుంచి పిలోత్ అనే ఫ్రెంచ్ బొమ్మల కథల పత్రికలో, రచయిత జాఁ-మిషెల్ షార్లియేతో కలిసి బ్లూబెర్రీ అనే వెస్టర్న్ (కౌబాయ్) కథలు గీశారు. అవి సంభాషణలు దండిగా ఉండి, కథాక్రమం పకడ్బందీగా నడిచే కథలు. 1974 చివర్లో ఆయన మరికొందరు మిత్రులతో కలిసి సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుని, 1975లో మెతాల్ ఉర్లాఁ పత్రిక తెచ్చినప్పుడు, అందులో ఒక్క సంభాషణ కూడా లేకుండా అర్జాక్ కథలు గీశారు. మాటలతో కిక్కిరిసిన కథల్లో పదేళ్లకు పైగా పనిచేసిన మనిషి కావాలని ఎంచుకున్న నిశ్శబ్దం అది. కథ అంటే తలుపూ కిటికీలూ పొగగొట్టమూ ఉన్న ఇంటిలా ఉండి తీరాలన్న నియమం లేదని, అది ఏనుగు ఆకారంలోనో, గోధుమ చేను ఆకారంలోనో, అగ్గిపుల్ల మంట ఆకారంలోనో ఉండవచ్చని ఆయన అదే పత్రికలో రాశారు. మీరేమో ఆ పక్షిలాంటి జీవి మీద ఎగిరే రౌతుకు ఒక శాపాన్ని, పోగొట్టుకున్న రాజ్యాన్ని, చనిపోయిన తండ్రిని ఇచ్చి, ఆయన వద్దనుకున్న ఇంటినే మళ్లీ కట్టారు. ఆ పూర్వకథను తీసెయ్యండి. అది లేకపోతే నవల నిలబడదని మీకు భయం కలుగుతుంది, నాకు తెలుసు. ఆ భయంతోనే కొన్నాళ్లు రాయండి.

కిటికీ సన్నివేశాన్నే తీసుకుందాం. ఎగిరిపోతున్న రౌతుకు ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆమె మీది కోరికతో అతను ఆమె మగవాణ్ణి అడ్డు తొలగిస్తాడు. తీరా దగ్గరికి వెళ్లి ఆమె ముఖం చూసి వెనుదిరుగుతాడు. బొమ్మల్లో ఇది కొన్ని క్షణాల వ్యవహారం. పేజీ తెరవగానే పాఠకుడి కన్ను మొత్తాన్నీ ఒక్కసారి చుట్టి వస్తుంది, ఆ తరువాతే ఒక్కో ప్యానెల్ (బొమ్మ గడి) వెంట నడుస్తుంది. వాక్యానికి ఆ వెసులుబాటు లేదు. మీరు ఏది ముందు చెబితే పాఠకుడు అదే ముందు చూస్తాడు, మీరు దాచినంతసేపూ అతనికి దాగి ఉంటుంది. ఆ ముఖాన్ని మీరు మొదటి వాక్యంలోనే వికృతమన్నారు. రౌతుకు తెలియకముందే పాఠకుడికి తెలిసిపోయింది కనుక ఆ దిగ్భ్రమ కాస్తా పోయింది. పైగా వికృతమన్న తీర్పు ఎవరిది? వెనుదిరిగేటప్పుడు అతనికి కలిగింది అసహ్యమా, సిగ్గా, లేక కేవలం విసుగా? బొమ్మలో ఈ మూడింటికీ చోటుంది, అందుకే అది ఇన్నేళ్లు బతికింది. వచనంలో మీరు ఒకదాన్ని ఎంచుకోవాలి, లేదా ఏదీ చెప్పకుండా అతని చేతులు ఏం చేస్తున్నాయో మాత్రమే చెప్పాలి. ఇంకొక సంగతి: ఆ గదిలో తన మనిషిని పోగొట్టుకున్న ఒక స్త్రీ మిగిలిపోయింది. అతను వెళ్లిపోయాక ఆమె ఏం చేసిందో బొమ్మ అడగదు. నవల అడగగలదు. నా ఉద్దేశంలో మీ పుస్తకం మొదలుకావలసింది ఆ గదిలోనే.

వాక్యాల సంగతికి వస్తాను. ‘ఊహకందని రంగులతో ఆకాశం వెలిగిపోతోంది’ అని రాశారు. ఊహకు అందించడమే మన పని కదా, ఆ మాట అనడానికి మనకు హక్కు లేదు. దాని బదులు అంత పొడవాటి టోపీ పెట్టుకుని గాలిలో ఎగిరేవాడికి ఏమవుతుందో ఆలోచించండి. ‘ఎడమ చేత్తో టోపీ అంచు పట్టుకున్నంతసేపూ పగ్గం ఒంటిచేతి మీదే ఉండేది. ఆ సంగతి కనిపెట్టిన పక్షి ప్రతిసారీ కుడివైపుకు లాగేది.’ ఇందులో అలంకారమేమీ లేదు. అయినా గాలి, ఎత్తు, ఆ ఇద్దరి మధ్య పాత పేచీ పాఠకుడి ఒంటికి తెలుస్తాయి. చూపు బొమ్మకు దక్కింది. బరువు, వాసన, నొప్పి, జ్ఞాపకం, నిరీక్షణ మీ వాటాకు వచ్చాయి.

రౌతు పేరు విషయంలో తొందరపడకండి. మోబియస్ ఆ పేరు అక్షరాలను ఒక్కో కథకు ఒక్కో రకంగా మార్చారు. మీరు రౌతు అనే వ్యవహరిస్తే సరిపోతుంది.

మీకంటే ముందు ఈ పనికి పూనుకున్నవారున్నారు. మోబియస్ రచనలను ఇంగ్లీషులోకి అనువదించిన రాండీ, జాఁ-మార్క్ లొఫిసియే దంపతులు 2000లో అర్జాక్‌ను నవలగా తెచ్చారు. అది తప్పక చదవండి, అయితే మీ చిత్తుప్రతి పూర్తయ్యాకే. జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియాజాకీ దారి ఇంకొకటి. అర్జాక్ తన మీద, ముఖ్యంగా తన సినిమా నౌసికా మీద, గట్టి ప్రభావం చూపిందని ఆయన బాహాటంగానే చెప్పారు. కానీ ఆ సినిమాలో ఈ రౌతు లేడు, ఈ పక్షి లేదు. విశాలమైన ఆకాశంలో ఒంటరిగా ఎగిరే మనిషికి కలిగే అనుభూతి మాత్రం ఉంది. మోబియస్ తన కూతురికి నౌసికా అని పేరు పెట్టుకున్నారు. తీసుకున్నదాన్ని ఇలా తిరిగి ఇవ్వగలిగితే అంతకన్నా గౌరవం లేదని నేను మనసారా నమ్ముతాను.

అనుమతి గురించి కూడా చెప్పాలి. మోబియస్ 2012 మార్చిలో మరణించారు. ఫ్రాన్సులో రచయిత మరణించాక 70 ఏళ్ల వరకు హక్కులు వారసులవే కనుక, 2082 చివరిదాకా వారి సమ్మతి లేకుండా ఈ పాత్రతో పుస్తకం వేయకూడదు. అభ్యాసంగా రాసుకోవడానికి అడ్డు లేదు. అచ్చుకు ఇవ్వాలనుకుంటే ముందు ఆ వారసులకు ఉత్తరం రాయండి. లేదా మియాజాకీలా, ఆ బొమ్మలు మీలో రేపినదాన్ని మీ సొంత మనుషులకు ఇవ్వండి. మీ పుస్తకం రెండో దారిలోనే బాగుపడుతుందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆ అధ్యాయంలో నాకు బాగా నచ్చిన పేరా, పక్షి గాయాన్ని రౌతు కడిగే పేరా, మీ సొంత కల్పన.

కిటికీ సన్నివేశాన్ని ఆ స్త్రీ వైపు నుంచి తిరగరాసి పంపండి. ఆమె ముఖాన్ని ఎక్కడా వర్ణించకుండా రాయండి.

శుభాకాంక్షలతో.