అమ్మలూ, ఆ మీటింగు మాటల సంగతి

అమ్మలూ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు, పొద్దున్నే కాఫీ తాగి ఇది మొదలుపెట్టా. ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది, బెజవాడ ఆఫీసులో మీటింగంటేనే టెన్షన్, గంటసేపు అందరూ డ్రిఫ్ట్ అనీ ఛాలెంజర్ అనీ ఇన్‌స్టన్స్ అనీ మాట్లాడుకుంటుంటే నువ్వు తల ఊపి బయటికొచ్చేశావు. సరే, నేనూ ఊపినవాణ్ణే. అప్పులిచ్చే సంస్థలో ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాక నాకు తెలిసిందేంటంటే, ఆ గదిలో తల ఊపేవాళ్లలో సగం మందికి ఆ మాట అర్థం తెలియదు, మిగతా సగం మందికీ తలో అర్థం తెలుసు. ఈ రెండో రకంతోనే కొంప మునుగుతుంది.

అందుకని నిఘంటువులా రాసివ్వను. ఏ మాట దగ్గర డబ్బు పోతుందో, ఏ మాట దగ్గర ఎవరు సంతకం పెట్టాలో అంతవరకు చెప్తా.

మీవాళ్లు చేసేది కోల్డ్ స్టోరేజీ బాండ్ల మీద, అంటే అక్కడ దాచిన సరుకు రసీదుల మీద, రైతులకూ వ్యాపారులకూ అప్పులివ్వడం. వాటిల్లో ఏది మొండి బాకీ అవుతుందో ముందే చెప్పాలని మోడల్ పెట్టుకున్నారు, అంటే పాత అప్పుల లెక్కలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం. మొదట పట్టుకోవాల్సింది, మోడల్ ఇచ్చేది స్కోరు మాత్రమే, నిర్ణయం కాదు. 0.62 అని ఒక అంకె పడేసి ఊరుకుంటుంది, అంకె పెరిగేకొద్దీ మొండికేసే భయం ఎక్కువ. 0.6 దాటితే అప్పు ఆపాలి అనేది కటాఫ్, మీ మీటింగులో థ్రెషోల్డ్ అన్నది అదే. ఆ గీత గీసేది మనిషి.

మిర్చి కల్లంలో తాలు ఏరడం చిన్నప్పుడు చూశావు కదా. రాశి పక్కన ఆడకూలీలు వరసగా కూర్చుని తెల్లబారిన కాయ, మచ్చ కాయ తీసి పక్కన వేస్తుంటారు. చిన్న మచ్చ ఉన్నా తీసేయమన్నావనుకో, తాలు కుప్పలోకి మంచి కాయ కూడా పోతుంది, తాలుకి వచ్చే ధర నీకు తెలుసు. కాస్త చూసీచూడనట్టు పొమ్మంటే తాలు టిక్కీలోకి, అదే మిర్చి బస్తాలోకి, ఎక్కుతుంది, యార్డులో కొనేవాడు చెయ్యి లోపలికి దూర్చి అడుగు నుంచి నాలుగు కాయలు తీసి, ఒకటి విరిచి, మొహం అదోలా పెట్టి ధర కోసేస్తాడు. ఎంత మచ్చ ఉంటే తియ్యాలో కూలీ తేల్చదు, ఆ నష్టం భరించే రైతు చెప్తాడు. కటాఫ్ కూడా అంతే, అది లెక్కలు తెలిసిన కుర్రాడు ఒక్కడూ తేల్చే అంకె కాదు. మంచి రైతుకి అప్పు లేదంటే ఎంత పోతుంది, చెడ్డ అప్పు ఇస్తే ఎంత పోతుంది అన్నది లెక్కగట్టి, వ్యాపారం చూసేవాళ్లు సంతకం పెట్టాల్సిన అంకె.

ఏరి పక్కన పెట్టినవాటిలో నిజంగా తాలు ఎంత, అది ప్రెసిషన్. రాశిలో ఉన్న మొత్తం తాలులో నువ్వు పట్టుకున్నది ఎంత, అది రీకాల్. ఈ రెండూ వదిలేసి ఎవరైనా అక్యురసీ, అంటే మొత్తంలో సరిగ్గా చెప్పినవి, 96 శాతం అని గొప్పలు పోతే ఒక కాగితం తీసుకో. 1,000 అప్పుల్లో 40 మొండికేశాయి అనుకుందాం. అసలు బుర్రే లేని మోడల్ ఒకటి, అన్నీ మంచివే అంటుంది, దాని అక్యురసీ 96 శాతం. ఇంకో మోడల్ 60 అప్పుల్ని పట్టింది, అందులో 30 నిజంగా చెడ్డవి, 30 పాపం మంచివి, ఇంకో 10 చెడ్డవి తప్పించుకున్నాయి. ప్రెసిషన్ 50 శాతం, రీకాల్ 75 శాతం. అక్యురసీ ఎంతంటావా? తప్పులు 30, 10 కలిపి 40, అంటే దీనికీ 96 శాతమే! ఒకటి పనికిమాలింది, ఇంకోటి 30 మొండి బాకీల్ని ముందే పట్టింది, రెంటికీ ఒకే మార్కులు. నా జీవితంలో ఈ లెక్క బోర్డు మీద వేసి ఆపిన మీటింగులు కనీసం అరడజను ఉంటాయి.

ఇంక డేటా లీకేజీ. పేరు విని దొంగతనం అనుకుంటారు, అది కాదు. రేపు జరగబోయేది ఇవాళే మోడల్‌కి తెలిసిపోవడం, పరీక్ష పేపర్ లీకైనట్టు. ఇందులో నాకు జరిగిన పరాభవం చెప్తా, మీ నాన్నకి కూడా తెలియదు. మేం ఓసారి చేసిన మోడల్ ఏకంగా 99 శాతం వచ్చింది, ఆఫీసంతా మిఠాయి పంచాం. అసలు పనిలో పెట్టాక చూస్తే కొత్త అప్పుల్లో ఒక్క చెడ్డదాన్నీ పట్టడం లేదు. పదిరోజులు తలలు పట్టుకున్నాక తేలింది, మేం వాడిన కాలమ్స్‌లో ఒకటి పంపిన నోటీసుల సంఖ్య. నోటీసు ఎప్పుడు పంపుతాం? వాయిదా ఎగ్గొట్టాక కదా. కొత్తగా అప్పు అడిగేవాడికి అక్కడ ఎప్పుడూ సున్నానే. మిఠాయి డబ్బులు నేనే పెట్టుకున్నా అనుకో. అప్పటి నుంచి ప్రతి కాలమ్ పక్కనా ఒకే ప్రశ్న రాసుకునేవాణ్ణి: అప్పు ఇచ్చే రోజుకి ఈ సంగతి మనకి తెలుసా? నువ్వూ రాసుకో, మార్కులు మరీ బాగా వస్తే సంతోషించేముందు దీన్ని చూసుకో.

ట్రైనింగ్ డేటా (మోడల్‌కి నేర్పేది), వాలిడేషన్ (నేర్చుకుందో లేదో పరీక్షించడం) అనేవి చదువుకునే వచ్చావు, వాటి జోలికి పోను. ఒక్కటి మాత్రం, డేటాని పేకముక్కల్లా కలిపి సగం పంచుకుంటే చాలదు, 2023 దాకా నేర్పించి 2024 మీద పరీక్ష పెట్టు, కాలం వారీగా. మిర్చిలో ఒక ఏడు ఇంకో ఏడులా ఉండదు.

అందుకే డ్రిఫ్ట్ అనే మాట పుట్టింది. ఇది రెండు రకాలు, మీ మీటింగులో రెండూ కలిపేసి మాట్లాడుతున్నారని నా అనుమానం. వచ్చే జనం, వచ్చే సరుకు మారిపోవడం డేటా డ్రిఫ్ట్. మొన్నటిదాకా తేజ రకం మిర్చి పెట్టేవాళ్లే వస్తుండేవారు, ఇప్పుడు బ్యాడిగి వాళ్లు ఎక్కువయ్యారు అనుకో, అది. దీన్ని కొలవడానికి పీఎస్ఐ (పాపులేషన్ స్టెబిలిటీ ఇండెక్స్) అని ఒక అంకె ఉంది, వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 0.1 లోపుంటే పర్వాలేదు, 0.25 దాటితే కూర్చుని చూడాల్సిందే, మధ్యలో ఉంటే ఓ కన్నేసి ఉంచాలి. రెండోది కాన్సెప్ట్ డ్రిఫ్ట్, జనం వాళ్లే, సరుకూ అదే, కానీ దాని అర్థం మారింది. ధర బాగున్న ఏడు ఏసీలో, అదే కోల్డ్ స్టోరేజీలో, వెయ్యి టిక్కీలు పెట్టుకున్నవాడు గట్టి ఆసామి. 2025 మొదట్లో ధర ఎలా దిగిపోయిందో చూశాం కదా, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చెయ్యాల్సి వచ్చింది. అలాంటి ఏడు అవే వెయ్యి టిక్కీలు నెత్తిన బరువు. ఆ కాలమ్‌లో అంకె మారలేదు, పీఎస్ఐ కూడా నోరెత్తదు, మోడల్ మాత్రం పాత నమ్మకంతో మంచి మార్కులు వేస్తూ కూర్చుంటుంది. దీన్ని పట్టాలంటే చెప్పిన జోస్యాన్నీ తర్వాత జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం తప్ప మార్గం లేదు.

డ్రిఫ్ట్ కనపడగానే రీట్రైనింగ్, అంటే కొత్త డేటాతో మోడల్‌కి మళ్లీ నేర్పించడం, అని ఎగబడతారు. కొంచెం ఆగమను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, ఎంతమంది వాయిదాలు కట్టగలిగి ఉంటారు? ఆ నెల డేటా కళ్లు మూసుకుని మోడల్‌కి తినిపిస్తే ఆ పిన్‌కోడ్ వాళ్లంతా ఎగవేతదారులని నేర్చుకుంటుంది. నీళ్లలో ఇల్లు మునిగినవాడికి ఆ తర్వాత అప్పు కూడా పుట్టకుండా చేసిన పాపం మనది అవుతుంది. అలాగని ఆ నెల తీసిపారేయమనడం లేదు, దానికి గుర్తు పెట్టి విడిగా చూడు, అంతే.

వర్షన్ గురించి ఒక్క ముక్క. ఏ అప్పుకి ఏ వర్షన్ మోడల్ స్కోరు వేసిందో స్కోరు పక్కనే రాసి ఉండాలి, ఫైనల్ కొత్తది రెండు అని ఫైలు పేరు పెట్టే పిల్లల్ని నమ్మకు. రిజిస్ట్రీ అంటే ఈ వర్షన్ల పట్టాదారు పుస్తకం. రోల్‌బ్యాక్ అంటే కొత్తది తిరగబడితే పాతదానికి వెళ్లిపోవడం, మా దగ్గర ఉంది అని అందరూ అంటారు, ఒకసారి నిజంగా చేసి చూపించమని అడుగు, సరదాగా ఉంటుంది. ఇప్పుడు పనిలో ఉన్న మోడల్ ఛాంపియన్, దాని పక్కన ఊరికే స్కోర్లు వేసుకుంటూ, ఎవరి అప్పునీ తేల్చకుండా పరీక్షలో ఉన్నది ఛాలెంజర్. ఎన్నాళ్లు, ఏ అంకెలో గెలిస్తే గద్దె ఎక్కించాలో మొదటి రోజే రాయించు, లేకపోతే ఎవరికి నచ్చినప్పుడు వాళ్లు ఎక్కించేస్తారు.

ఇంక వర్క్‌ఫ్లో, అంటే ఒక పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుకి వెళ్లాలో ఆ దారి. నువ్వు బాగా తికమకపడ్డది డెఫినిషన్, ఇన్‌స్టన్స్ దగ్గర. శుభలేఖలో అచ్చువేసిన పెళ్లి వరస డెఫినిషన్, ఇవాళ మన ఇంట్లో జరుగుతున్న పెళ్లి ఇన్‌స్టన్స్. దరఖాస్తు, స్కోరు, మేనేజరు ఆమోదం, డబ్బు విడుదల అని గీసిన బొమ్మ డెఫినిషన్ (ఆ బొమ్మలకి బీపీఎంఎన్ అని ఒక భాష ఉంది, దాని 2.0 వర్షన్ 2011లో వచ్చింది). ఫలానా రైతు దరఖాస్తు ఆ దారిలో నడుస్తుంటే అది ఒక ఇన్‌స్టన్స్. ఎందుకింత పట్టింపు అంటే, మధ్యలో మీరు ఇంకో ఆమోదం మెట్టు కలిపారనుకో, అప్పటికే దారిలో ఉన్న 200 దరఖాస్తుల సంగతేంటి? చాలా సాఫ్ట్‌వేర్లలో అవి పాత దారినే పోతాయి. మేనేజరేమో అన్నీ కొత్త మెట్టు ఎక్కుతున్నాయని నమ్ముతుంటాడు. గొడవంతా అక్కడే వస్తుంది.

టాస్క్ అనేది ఒక మనిషి దగ్గర ఆగిన పని. అది పేరు మీద ఉందా, గ్రూపు మీద ఉందా చూడు, గ్రూపు మీద ఉంటే ఎవరూ ముట్టుకోరు. సంక్రాంతికి ఆమోదించేవాడు ఊరెళ్తే నాలుగు రోజులు అక్కడే పడుంటుంది, అప్పుడు దాన్నెత్తి పై అధికారికి పంపడమే ఎస్కలేషన్, దానికి ఎన్ని గంటలు అన్నది ముందే పెట్టి ఉండాలి.

రాత్రి నడిచే పనుల్లో ట్రిగ్గర్, డిపెండెన్సీ అంటారు, ఏది జరిగితే ఏది మొదలవ్వాలి అన్న గొలుసు. ఆ గొలుసు వెనక్కి తిరిగి తనని తాను ముడేసుకోకూడదు, ఈ పనుల్ని వరసగా నడిపే ఎయిర్‌ఫ్లో లాంటి సాఫ్ట్‌వేర్లలో డాగ్ (DAG) అనేది దాన్నే. ఇక్కడ ఒకటి జాగ్రత్త. మా దగ్గర రాత్రి రెండింటికి నడిచే జాబ్ పచ్చగా, సక్సెస్ అని చూపించింది. పొద్దున్న బ్రాంచీల వాళ్లు ఫోన్ చేస్తే తెరిచి చూశా, వచ్చిన ఫైల్లో కాలమ్ పేర్ల వరస ఒక్కటే ఉంది, కింద ఒక్క అప్పు లేదు. సున్నా అప్పులకి సక్సెస్‌ఫుల్‌గా స్కోర్లు వేసి పడుకుంది మహాతల్లి! సక్సెస్ అంటే ప్రోగ్రాం ఆగకుండా నడిచింది అని మాత్రమే, ఎన్ని వరసలు వచ్చాయో లెక్క చూసే మెట్టు విడిగా పెట్టాలి. అలాగే మధ్యలో ఆగిన జాబ్‌ని మళ్లీ నడిపితే అదే అప్పు రెండుసార్లు విడుదల కాకూడదు, అది ముందే అడిగి తెలుసుకో, ఆ రోజు వచ్చాక అడిగితే లాభం లేదు.

ఇంకా ఉన్నాయి గానీ చెయ్యి నొప్పెడుతోంది. వచ్చే ఆదివారం గుంటూరు వస్తావు కదా, ఆ వర్క్‌ఫ్లో బొమ్మ మాత్రం తీసుకురాకు, ఆఫీసుది బయటికి తేకూడదు, నీకు గుర్తున్నంత కాగితం మీద గీసి చూపించు. ఈలోపు ఒక పని చెయ్యి. కటాఫ్ 0.6 అన్నావు కదా, అది ఎవరు పెట్టారు, ఏ తేదీన పెట్టారు, ఎక్కడ రాసి ఉంది, ఈ మూడూ రేపు కనుక్కుని సాయంత్రం ఫోన్ చెయ్యి. ముందునుంచీ అంతే ఉంది అని ఎవరైనా అంటే వాళ్ల పేరు కూడా రాసుకో.

పెదనాన్న