రెండు మెట్ల మధ్య పలికిన స్వరం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన ఆరు వ్యాసాలూ అంది మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యమైంది అశ్రద్ధ వల్ల కాదు. నువ్వు రాసిన ప్రతి రికార్డునూ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ విని, ఒక వ్యాసానికి నువ్వు ఎంచుకున్న టెలివిజన్ కార్యక్రమాన్ని రెండుసార్లు చూసి, ఆ తర్వాతే నీ వాక్యాల దగ్గరకు వెళ్లాలనుకున్నాను. రాక్, జాజ్ సంగీతాల మీద తెలుగులో రాయడానికి పూనుకున్నవాళ్లు తక్కువ. నీ అంత ప్రేమతో రాసినవాళ్లు ఇంకా తక్కువ. ఆ ప్రేమ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాగితం మీదకు వచ్చేసరికి అదంతా ఒకే మాటగా మారిపోవడం మీదే నా ఫిర్యాదు. పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను: ఆరు వ్యాసాల్లో ‘అద్భుతం’ అనే మాట 31 చోట్ల వచ్చింది.

అభిమాని రాసింది విమర్శ ఎప్పుడవుతుందని అడిగావు. ఏ చోట ఏం వినబడిందో చెప్పడం మొదలుపెట్టినప్పుడు అవుతుందని నా నమ్మకం. నీకు నచ్చిందన్న సంగతితో పాఠకుడు చేయగలిగింది ఏమీ లేదు. నీకు వినబడింది మాత్రం అతను కూడా వెళ్లి వినగలడు. విని నీతో ఏకీభవించనూవచ్చు, కాదననూవచ్చు.

ఇది నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. నాది విజయవాడ. డెబ్బైల్లో, కాలేజీ రోజుల్లో, రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకుని విల్లిస్ కానోవర్ జాజ్ కార్యక్రమం వినేవాణ్ణి. ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఆయన నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా పలికేవారు. స్టేషను కాసేపు దగ్గరికి వచ్చి, కాసేపు దూరమై, మధ్యలో గరగరమంటూ ఉండేది. జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ ట్రంపెట్ నేను మొదటిసారి విన్నది ఆ గరగరల మధ్యనే. కొన్నేళ్లకు ఒక మిత్రుడు తన ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) నుంచి మైల్స్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌ను క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. మా ఇంట్లో అమ్మ హార్మోనియం ఉండేది. మొదటి పాట ‘సో వాట్’ను దాని మీద పట్టుకుందామని కూర్చుంటే ఆ స్వరం ఏ మెట్టుకీ అందలేదు. ఒక మెట్టు నొక్కితే తక్కువగా ఉంది, పక్క మెట్టు నొక్కితే ఎక్కువగా ఉంది. టేప్‌రికార్డర్ వేగంలో తేడా ఉందేమో అనుకున్నాను. కానీ క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టగానే ‘ఆల్ బ్లూస్’ హార్మోనియంతో చక్కగా కలిసిపోయింది. మిషను అదే, క్యాసెట్ అదే, హార్మోనియమూ అదే. మొదటి వైపున ఉన్న మూడు పాటలు మాత్రం రెండు మెట్ల మధ్య ఎక్కడో పలుకుతున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పత్రిక కోసం ఆ ఆల్బమ్ మీద వ్యాసం రాస్తున్నాను. ఈ సంగతి అందులో రాయలేదు. ప్రపంచమంతా మెచ్చుకున్న రికార్డులో తప్పు ఉండదు, నా చెవిలోనే ఉండి ఉంటుందని ఊరుకున్నాను. 1992లో ఆ ఆల్బమ్‌ను సరిచేసి మళ్లీ విడుదల చేశాక గాని అసలు విషయం నాకు తెలియలేదు. న్యూయార్క్ నగరంలో 30వ వీధిలో, పాత చర్చిని స్టూడియోగా మార్చిన చోట, 1959 మార్చి 2న మొదటి విడత రికార్డింగ్ జరిగినప్పుడు ప్రధాన టేపు యంత్రం ఉండవలసిన వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కించిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పెరుగుతుంది. ఆ రోజు చేసిన మూడు పాటలే ఎల్‌పీ మొదటి వైపుకు వచ్చాయి. ఏప్రిల్ 22న చేసిన రెండు పాటలు రెండో వైపుకు వచ్చాయి. మార్చి 2న ముందుజాగ్రత్తగా రెండో యంత్రం మీద కూడా టేపు నడిపారు, అది సరైన వేగంతో తిరిగింది కాబట్టి, 33 ఏళ్ల తర్వాతైనా దాన్ని తీసి సరిచేయగలిగారు. నా చెవి నిజమే చెప్పింది. నేను దాన్ని నమ్మలేదు. ఆ వ్యాసంలో వాడిన విశేషణాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు నాకు గుర్తు లేదు గాని, రాయకుండా వదిలేసిన ఆ ఒక్క సంగతి ఇన్నేళ్లయినా మనసులో ముల్లులా ఉండిపోయింది.

కాబట్టి ఇతరులు ఏం రాశారో చదవకముందే, కాగితం ముందు పెట్టుకుని ఒక్కదానివే విను. నిమిషాలూ సెకన్లూ రాసుకో. నీ మొదటి వ్యాసంలో ‘జిమ్మీ కాబ్ డ్రమ్స్ అద్భుతం’ అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం ‘సో వాట్’ గురించి. అదే పాట మళ్లీ పెట్టు. పాల్ చేంబర్స్ బేస్ మీద ఒక వాక్యం పలకడం, మిగతావాళ్లు రెండు దెబ్బల్లో దానికి బదులివ్వడం కొంతసేపు సాగుతుంది. ఒకటిన్నర నిమిషం దాటే చోట మైల్స్ సోలో మొదలవుతుంది. సరిగ్గా ఆ క్షణాన జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. జేగంట కొట్టాక దాని నాదం గాలిలో నిలిచినట్టు ఆ ధ్వని పరుచుకుని, చాలాసేపటికి గాని ఆరిపోదు. అది ఆరేలోగా ట్రంపెట్ తన మొదటి మాటలు చెప్పేస్తుంది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ పాట ఇంట్లోకి అడుగుపెట్టేది అక్కడే. జాజ్ అంటే ఏమిటో తెలియని పాఠకుడు కూడా ఆ చోటుకు వెళ్లి ఆ దెబ్బ వింటాడు. ఆ తర్వాత నువ్వు ‘అద్భుతం’ అన్నా, అనకపోయినా ఫరవాలేదు.

ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానని ఉత్తరంలో రాశావు. ఆరు వ్యాసాల్లో ఒక్క చోట కూడా ఆ చదువు కనబడలేదు. పాశ్చాత్య సంగీతం గురించి రాసేటప్పుడు మన మాటలు వాడితే నామోషీ అనుకున్నావో, తప్పనుకున్నావో తెలియదు. నిజానికి నీకున్న బలం అదే. ‘సో వాట్’కు ఆధారమైన స్వరాలు, వాళ్లు డోరియన్ అని పిలిచేవి, మన ఖరహరప్రియ స్వరాలే. ఆ మాట ధైర్యంగా రాయి. రాసి అక్కడితో ఆగిపోకు. పోలిక ఎక్కడ చెల్లదో కూడా చెప్పు. స్వరాలు ఒకటే అయినంత మాత్రాన అది ఖరహరప్రియ రాగం అయిపోదు. మన గమకాలు అందులో ఉండవు, మన సంచారాలు ఉండవు. పైగా 16 బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత) ఒక ఆధారం మీద నడిచాక, మొత్తం స్వరాల వరుస ఒక్క మెట్టు పైకి జరిగి, అక్కడ 8 బార్లు ఉండి, మళ్లీ 8 బార్ల కోసం కిందికి వస్తుంది. కచేరీ మధ్యలో తంబూరా శ్రుతి మార్చడాన్ని మన గాయకులెవరూ ఊహించరు. నీ చెవి ఒక్క క్షణం ఉలిక్కిపడే చోటు అదే. ఆ ఉలికిపాటే నువ్వు రాయవలసింది. అలాంటి చోట ‘ఇదంతా మన దగ్గర ముందే ఉంది’ అనే గొప్పకు మాత్రం పోవద్దు, ఆ మాట అన్న తర్వాత చెవి పనిచేయడం మానేస్తుంది. నిజమైన బంధం కావాలంటే కల్పించనవసరం లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించాడు. ఆ బృందంలో గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకు ముందు మైల్స్ డేవిస్ పక్కన వాయించినవాడు. ఈ దారిని తెలుగులో ఎవరూ తీరిగ్గా నడిచి రాసినట్టు నాకు కనబడలేదు. నువ్వు రాయగలవు.

రాక్ గురించి రాసిన రెండు వ్యాసాల్లో ఇంగ్లండు రాక్ బృందం లెడ్ జెప్లిన్ మీద రాసింది మెరుగ్గా ఉంది. అయినా అందులో ఒక మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. 1971 నాటి వాళ్ల నాలుగో ఆల్బమ్ చివరి పాట పేరును ‘లెవీ తెగినప్పుడు’ అని రాశావు. నువ్వు కృష్ణ ఒడ్డున పుట్టినదానివి. దివిసీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ‘కరకట్ట’ అనే మాట నీకెందుకు గుర్తు రాలేదు? ‘కరకట్ట తెగినప్పుడు’ అంటే చాలు, మన పాఠకుడికి రాత్రి వేళ గండి పడిన చప్పుడు వినబడుతుంది. ఆ పాట పుట్టింది కూడా అలాంటి ఆపదలోంచే. 1927లో మిసిసిపీ నదికి వరద వచ్చి కరకట్టలు చాలాచోట్ల తెగిపోయాయి, లక్షల మంది నిరాశ్రయులయ్యారు, వాళ్లలో పొలాల్లో కూలి చేసుకునే నల్లజాతి కుటుంబాలు ఎన్నో. ఆ వరద మీద కాన్సాస్ జో మెక్‌కాయ్, మెంఫిస్ మిన్నీ 1929లో రెండు గిటార్లతో ఈ బ్లూస్ పాట రికార్డు చేశారు. నీ వ్యాసంలో వాళ్ల ప్రస్తావన లేదు. లెడ్ జెప్లిన్ ఆల్బమ్ మీద కూడా మిన్నీ పేరు ఉంది, మెక్‌కాయ్ పేరు లేదు. ఈ బృందాన్ని నేనూ ప్రాణంగా వింటాను. అందుకే వాళ్లు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో, ఎవరికి పేరు ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో అభిమానే ముందుగా చెప్పాలని అంటాను. పరాయివాడు చెబితే అది నిందగా వినబడుతుంది.

అదే పాటలో డ్రమ్స్ ‘భారీగా’ ఉన్నాయని రాశావు. ఎందుకు భారీగా ఉన్నాయి? ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతంలో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. దాని హాలులో, మెట్ల కింద ఆ బృందం డ్రమ్మర్ జాన్ బాన్‌హామ్ డ్రమ్స్ పెట్టి, పై అంతస్తు నుంచి మైకులు వేలాడదీశారు. దెబ్బ పడింది కింద, దాన్ని పట్టుకున్నది పైన. మధ్యలో ఉన్న గోడలూ, ఖాళీ జాగా, మెట్ల దారీ అన్నీ ఆ ధ్వనిలో కలిసిపోయాయి. మనం వింటున్నది డ్రమ్స్‌ను మాత్రమే కాదు, ఆ ఇంటిని కూడా. పైగా రికార్డు చేశాక టేపును నెమ్మది చేశారు. ఆ మౌత్‌ఆర్గన్, ఆ గిటార్ బురదనీటిలో నడుస్తున్నట్టు బరువుగా వినబడటానికి అదొక కారణం. చూడు, మైల్స్ రికార్డులో ఎవరికీ తెలియకుండా జరిగిన పొరపాటు, ఇక్కడ కావాలని చేసిన పని అయింది. నా అభిప్రాయంలో రాక్ సంగీతంలో ఇంతకంటే గొప్ప డ్రమ్స్ ధ్వని రికార్డు కాలేదు. ఈ మాట ఎవరైనా కాదంటే నేను వాళ్లను ఆ మెట్ల దగ్గరకు తీసుకువెళ్లి వాదించగలను.

ఇక టెలివిజన్ మీద రాసిన వ్యాసం. 1957 డిసెంబర్ 8, ఆదివారం నాడు అమెరికాలో సీబీఎస్ ప్రత్యక్ష ప్రసారం చేసిన ‘ద సౌండ్ ఆఫ్ జాజ్’ను ఎంచుకున్నందుకు మనసారా మెచ్చుకుంటున్నాను. సంగీతాన్ని బుల్లితెర అంత మర్యాదగా చూసిన సందర్భం నాకు మరొకటి తెలియదు. అలంకరణలు లేవు, వాయించేవాళ్లలో కొందరు టోపీలు కూడా తీయలేదు, గాయని బిల్లీ హాలిడే ఎత్తైన స్టూలు మీద మామూలు బట్టల్లో కూర్చుని ‘ఫైన్ అండ్ మెలో’ పాడింది. కానీ నువ్వు ఆ పాటలో శాక్సఫోన్ వాయించిన లెస్టర్ యంగ్ ఘట్టం దగ్గరకు వచ్చేసరికి ‘ఆమె కళ్లలో ఇరవై ఏళ్ల మూగప్రేమ పొంగింది’ అని రాశావు. ఆమె మనసులో ఏముందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. కెమెరాకు తెలిసింది రాయి. ముందు బెన్ వెబ్‌స్టర్ తన టెనర్ శాక్సఫోన్ మీద నిండుగా, ఊపిరి వినబడేలా వాయించి ముగిస్తాడు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్న లెస్టర్ యంగ్ లేచి నిలబడి, 12 బార్లు, నిమిషం కూడా పట్టని ఒక్క ఆవృత్తం వాయిస్తాడు. స్వరాలు చాలా కొద్ది. స్వరానికీ స్వరానికీ మధ్య చోటు ఎక్కువ. కెమెరా బిల్లీ ముఖం మీదకు వెళుతుంది. ఆమె పెదవుల మీద చిరునవ్వు, తల చిన్నగా ఊగడం, అతను ఏం చెప్పబోతున్నాడో ముందే తెలిసినదానిలా ‘అవును’ అన్నట్టు చూడటం. ఆ కెమెరా వెనకున్న మనిషి ఆ క్షణాన శాక్సఫోన్‌ను వదిలి వినేవాళ్ల వైపు తిరగడమే ఈ కార్యక్రమంలోని గొప్పతనం. 1959 మార్చిలో అతను, జూలైలో ఆమె చనిపోయారు. ఈ రెండు తేదీలు చెప్పి ఊరుకో, వాటి పక్కన విశేషణం పెట్టకు.

ఇంకొక సవరణ. ప్రసారానికి కొద్ది రోజుల ముందు వాళ్లలో చాలామంది స్టూడియోలో కలుసుకుని అదే పేరుతో ఒక ఎల్‌పీ కోసం వాయించారు. ఆ రికార్డు వేరు, తెర మీద జరిగింది వేరు. నీ వ్యాసంలో రెండూ కలిసిపోయాయి. నువ్వు ఏది విన్నావో, ఏది చూశావో మొదటి పేరాలోనే చెప్పాలి.

పదిమంది గొప్ప గిటారిస్టుల జాబితా ఉన్న వ్యాసాన్ని ప్రచురణకు పంపవద్దు. కొత్త సంగీతంలో ఏమీ లేదని రాసిన పేరా కూడా తీసెయ్యి. అది వినకుండా రాసినట్టు తెలిసిపోతోంది.

మిగతా వ్యాసాల మీద నా గుర్తులన్నీ పెన్సిల్‌తోనే పెట్టాను, నచ్చనివి చెరిపేసుకో. టెలివిజన్ వ్యాసాన్ని మాత్రం తిరగరాయమని అడుగుతున్నాను. రాయబోయే ముందు ఆ పాటను ఒకసారి శబ్దం లేకుండా చూడు, మరోసారి తెర వైపు చూడకుండా విను. నేను చెప్పిన పాత క్యాసెట్‌ను ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. అది తిరిగే మిషను మీ ఇంట్లో లేకపోతే ఇరుగుపొరుగున ఎవరి అటకమీదో దొరక్కపోదు. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని మొదటి వైపు పూర్తిగా విను. నీ చెవికి అది ఏ రెండు మెట్ల మధ్య నిలబడిందో నాకు రాసి పంపు.