పురుడుకి పోతా మందుల మూట కట్టేటప్పుడు

నెల్లూరు

చి.ల.సౌ. చెల్లెలికి అక్క ఆశీస్సులు.

అమ్మాయి పురుడుకి అమెరికా పోతున్నారు. పచ్చళ్లూ పొడులూ ఎట్టాగూ సర్దుకుంటావు, ముందు మీ ఇద్దరి మందుల సంగతి చూడు. ప్రయాణానికి నెల ముందే మొదలుపెట్టు.

మెడికల్ షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే తీసుకోవద్దు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చాలా స్ట్రిప్పులకి ఒక కొసనే అచ్చువేసి ఉంటాయి. ఆ కొస అంగట్లోనే మిగిలిపోతే, నీ చేతిలోని ఆరు బిళ్లలు ఏంటో ఎయిర్‌పోర్టులో చూపించేదానికి ఆధారం ఉండదు. నిండు స్ట్రిప్పులు అట్టపెట్టెతో సహా కొని, బిల్లు దాచు. వారాల డబ్బాలో సర్దుకునేది అక్కడ చేరినాకే.

డాక్టరు చీటీ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టైపు చేయించు. పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి. జబ్బు, మందు జెనరిక్ పేరు (అంటే కంపెనీ పెట్టింది కాకుండా మందు అసలు పేరు), ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని, అన్నీ రాయించు. మన బ్రాండు పేర్లు అక్కడివాళ్లకి తెలియవు. పారాసెటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మన డోలో, అక్కడి టైలెనాల్ రెండూ అదే మందు. వేరువేరనుకొని రెండూ రోజంతా వేసుకుంటా పోతే కాలేయం దెబ్బతింటుంది.

అమెరికాకి 90 రోజులకి సరిపడా తీసుకుపోవడం మామూలు. అంతకంటే ఎక్కువ రోజులు అక్కడ ఉండేటట్టయితే మిగతావి డాక్టరు చీటీ, వీసా నకలు జతచేసి తర్వాత తెప్పించుకోవచ్చు.

నన్ను బాగా కలవరపెట్టేది దుబాయ్. పోతాపోతా పెద్దోడి దగ్గర నాలుగు రోజులు ఆగుతామన్నారు గదా. మరిదిగారు అరికాళ్ల మంటకి వేసుకునే ప్రెగాబాలిన్, నీ నిద్రబిళ్ల అల్‌ప్రజోలామ్ ఇక్కడ మామూలు మందులే, అక్కడ మాత్రం కట్టడిలో ఉన్నవి. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు కూడా అంతే. అక్కడి ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, పెద్దోడి చేత పెట్టించు. అది రాకపోతే, బదులు వేరే మందు వాడొచ్చేమో డాక్టర్ని అడుగు. నీ అంతట నువ్వు ఆపేయొద్దు, ఉన్నట్టుండి మానేస్తే ఆ రెండూ ఇబ్బంది పెడతాయి. మసాలా సామానులో గసగసాలు ఒక్క చెంచా కూడా ఉండకూడదు. అక్కడ అవి నిషేధం.

ఇన్సులిన్ చేతిసంచిలోనే. లగేజీలో వేస్తే విమానం అడుగున చలికి గడ్డకట్టొచ్చు, గడ్డకట్టి కరిగింది చూసేదానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు. ఐస్‌ప్యాక్‌కి ఇన్సులిన్ పెన్ను నేరుగా తగలనీయొద్దు, మధ్యలో తువ్వాలు చుట్టు. ఇక్కడ్నించి చెన్నై ఎయిర్‌పోర్టుకి కారులో పోయేటప్పుడు ఆ సంచి డిక్కీలో పెట్టనీయకు. తడ దగ్గర టిఫినుకి ఆగినంతసేపట్లో ఎండకి డిక్కీ పొయ్యిలా కాగుతుంది. ఒడిలో పెట్టుకో. సూదులకి చీటీ చూపించు, అడ్డు చెప్పరు. అక్కడి టైము మనకంటే బాగా వెనక, అందుకని ప్రయాణం రోజు ఏ డోసు ఎప్పుడో విమానం టైములు చూపించి డాక్టరు చేత రాయించు. నీ థైరాయిడ్ బిళ్ల పరగడుపునే, కాల్షియం దానికి నాలుగు గంటల తర్వాతే. విమానంలో రెండూ కలిపి మింగేస్తే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు.

బాలింత కాయం ఇంట్లో దంచింది అయితే లేబులు అంటించి చెకిన్‌లో పెట్టు. 350 మిల్లీలీటర్లు దాటిన పొడి క్యాబిన్‌లో అమెరికా విమానం ఎక్కనీయకపోవచ్చు. భస్మాలు కలిసిన లేహ్యం మాత్రం వద్దే వద్దు. కొన్నిట్లో సీసం, పాదరసం ఉంటాయి, పాలిచ్చే తల్లికి అది విషం. తినే సామాను ఉందని కస్టమ్స్ వాళ్లకి దాచకుండా చెప్పు.

ఊళ్లోవాళ్లు "మావాడికి ఈ మందు పొట్లం ఇచ్చెయ్ వదినా" అంటే మొహమాటపడకు. దాని చీటీ నీ పేరుమీద ఉండదు, పట్టుకుంటే జవాబు చెప్పాల్సింది నువ్వే. కొరియర్ చేసుకోమను.

చీటీలన్నీ ఫొటో తీసి ఈ రాత్రికే అమ్మాయికి, పెద్దోడికి పంపు.

మీ అక్క