1962 వరల్డ్ ఫెయిర్ వల్ల సియాటిల్‌కి చివరికి ఏం మిగిలింది?

స్పేస్ నీడిల్ అనే ఆ ఎత్తైన టవర్ తప్ప ఆ ప్రపంచ ప్రదర్శన తాలూకు ఇంకేమైనా మిగిలిందా, అమ్మానాన్నలకు చూపించేంత ఉందా అని అడిగారు. ఉంది. నన్నడిగితే నీడిల్ కన్నా దాని చుట్టూ ఉన్న స్థలమే, అంటే సియాటిల్ సెంటరే, ఊరికి దక్కిన అసలు ఆస్తి. నేను అక్కడికి దగ్గర్లోనే ఉద్యోగం చేస్తున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికి తిప్పే డ్యూటీ నాదే.

ఫెయిర్ నడిచింది ఆరు నెలలు, 1962 ఏప్రిల్ 21 నుంచి అక్టోబర్ 21 దాకా. కోటికి కాస్త తక్కువ మంది వచ్చారు. 1909లో ఇక్కడే జరిగిన ఎగ్జిబిషన్‌కి యాభై ఏళ్ల పండగ చేద్దామన్నది మొదటి ఆలోచన. ఈలోగా 1957లో సోవియట్ వాళ్లు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపడంతో అమెరికాకి గుబులు పట్టుకుంది. దాంతో ఫెయిర్ కాస్తా సైన్సు వైపు తిరిగింది, ఫెడరల్ ప్రభుత్వమే డబ్బులిచ్చి సైన్స్ పెవిలియన్ కట్టించింది. ముగింపు రోజు రావాల్సిన ప్రెసిడెంట్ కెనెడీ జలుబని చెప్పి మానేశాడు. మర్నాడు టీవీలో క్యూబాలో సోవియట్ వాళ్లు పెట్టిన క్షిపణుల సంగతి బయటపెట్టాడు!

మా నాన్న ఇదంతా విని, "ఆరు నెలల తిరనాళ్లకి ఇంత ఖర్చేమిట్రా?" అన్నారు. కిటుకంతా అక్కడే ఉంది. ఊరికి శాశ్వతంగా ఒక సివిక్ సెంటర్, అంటే అందరూ వాడుకునే హాళ్లూ మైదానాలూ ఉన్న చోటు, కావాలని 1956లోనే ఓటర్లు 75 లక్షల డాలర్ల బాండ్లకు, అంటే ఊరి పేరున అప్పుకు, ఒప్పుకున్నారు. ఉన్న ఆడిటోరియాన్నే ఒపేరా హౌస్‌గా మార్చారు, సైనికుల కోసం కట్టిన పాత ఆర్మరీ భవనంలో తిండి దుకాణాలు పెట్టారు. నీడిల్‌ని ప్రైవేటు వాళ్లు సొంత డబ్బుతో కట్టుకున్నారు, ఇప్పటికీ అది వాళ్లదే. అలాగని ఆ నేల ఊరికే పడి ఉన్నదేం కాదు. అక్కడ జనం కాపురాలున్న ఇళ్లను కొని పడగొట్టారు. టూరిస్టు కరపత్రాల్లో ఆ ముక్క పెద్దగా కనిపించదు.

సైన్స్ పెవిలియన్ ఇప్పుడు పసిఫిక్ సైన్స్ సెంటర్. డిజైన్ చేసిన మినోరు యమసాకి సియాటిల్‌లోనే పుట్టాడు, తర్వాత న్యూయార్క్ ట్విన్ టవర్స్‌కీ ఆయనే ఆర్కిటెక్టు. నీళ్ల మీద నిలబడ్డ ఆ తెల్లటి ఆర్చీలను కాసేపు చూశాక ఆ టవర్ల ఫొటో ఏదైనా చూడండి, పోలిక ఇట్టే దొరుకుతుంది. ఐస్ హాకీ జరిగే అరీనా కూడా ఫెయిర్ నాటిదే. పైకప్పును అలాగే నిలబెట్టి, కింద అంతా తవ్వి కొత్తగా కట్టి 2021లో తెరిచారు.

మా అమ్మకి వీటిలో ఏదీ పట్టలేదు. ఆవిడకి నచ్చింది ఇంటర్నేషనల్ ఫౌంటెన్. ఎండాకాలం పిల్లలు దాని మధ్య గుబ్బ దాకా పరిగెత్తి, నీళ్లు ఎగజిమ్మగానే కేకలు పెడుతూ వెనక్కి వస్తారు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తనూ అంచు దాకా దిగింది, టికెట్ లేదనగానే ఇంకా సంతోషించింది.

మీరొచ్చేటప్పుడు కారు డౌన్‌టౌన్‌లో పెట్టేసి వెస్ట్‌లేక్ దగ్గర మోనోరైల్ ఎక్కండి. మైలు దూరం, రెండు మూడు నిమిషాల్లో దింపేస్తుంది, తిరిగేవి 1962 నాటి రైళ్లే. నీడిల్ టికెట్ మాత్రం ముందే కొనకండి. ఆకాశం తేటగా ఉండి రెయినియర్ కొండ కనిపిస్తుంటేనే ఎక్కండి, మబ్బు పట్టి ఉంటే డబ్బు దండగ.