లావోస్‌లో 50 ఏళ్ల కిందటి అమెరికా బాంబులు ఇప్పటికీ ఎందుకు పేలుతున్నాయి?

వేసినవాటిలో కోట్లకొద్దీ బాంబులు అప్పుడు పేలలేదు, అదే కారణం. ఉత్తర వియత్నాం తన సైనికులను, సరుకులను లావోస్ మీదుగా దక్షిణానికి పంపిన హోచిమిన్ దారిని తెంచడానికి, లావోస్ కమ్యూనిస్టు దళమైన పథెట్ లావోను అణచడానికి 1964 నుంచి 1973 దాకా అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించింది. యుద్ధమని మాత్రం ప్రకటించలేదు. గాల్లో విచ్చుకుని చిన్న బాంబులను వెదజల్లే క్లస్టర్ బాంబుల్లోని పిల్లబాంబులే సుమారు 27 కోట్లు. వాటిలో 30 శాతం దాకా, అంటే దాదాపు 8 కోట్లు, పేలకుండా మిగిలాయని అంచనా.

ఎక్కువగా వాడిన పిల్లబాంబు రకాల్లో బీఎల్‌యూ-26 ఒకటి. టెన్నిస్ బంతంత ఉంటుంది, ఒక్కో డబ్బాలో 600కు పైగా. డబ్బా గాల్లో విచ్చుకోగానే బంతి గిర్రున తిరుగుతుంది, ఆ తిరుగుడుకే ఫ్యూజు, అంటే బాంబును పేల్చే భాగం, సిద్ధమవుతుంది. గట్టి నేలకు కొట్టుకుంటే పేలుతుంది. బురదలోనో, కొమ్మల్లోనో పడితే దెబ్బ చాలక ఆగిపోతుంది. ఆగిందంటే చచ్చిందని కాదు. పలుగు పోటు తగిలినా, పైన పొయ్యి వెలిగించినా పేలవచ్చు. పిల్లలు బంతి అనుకుంటారు, పెద్దలు పాత ఇనుముకని ఏరతారు. యుద్ధం ముగిశాక చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 20 వేలకు పైనే.

ఏరివేత నత్తనడకే. మెటల్ డిటెక్టర్‌తో అడుగడుగూ వెతకాలి, ప్రతి మేకు ముక్కకూ తవ్వాలి, దొరికినదాన్ని కదపకుండా ఉన్నచోటే పేల్చేయాలి. 2016లో ఒబామా మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ప్రకటించారు. మంచిదే, కానీ క్లస్టర్ బాంబులను నిషేధించిన 2008 ఒప్పందంపై అమెరికా సంతకం చేయలేదు. 2023లో ఉక్రెయిన్‌కు అవే పంపింది. యుద్ధ వ్యతిరేకుల అసలు అభ్యంతరం ఇక్కడే.