పదరూపాలు: మనసు దాచుకుంటుందా, కూర్చుకుంటుందా?

ప్రశ్న: ‘పుస్తకం’ అనే ఒక్క మాటకే పుస్తకాలు, పుస్తకానికి, పుస్తకాలలోంచి అంటూ ఎన్నో రూపాలున్నాయి. మనసు వీటన్నిటినీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుందా, లేక అప్పటికప్పుడు కూర్చుకుంటుందా? అన్ని భాషలవారిలోనూ ఇది ఒకే తీరున జరుగుతుందా?

జవాబు: మనసు రెండు పనులూ చేస్తుంది. ఏ రూపాన్ని దాచుకుంటుందన్నది ఆ రూపం ఎంత తరచుగా వినబడుతుంది, ఆ భాష కట్టుబడి ఎలాంటిది అన్న వాటిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

కూర్చుకోగలదనడానికి పేరుపొందిన సాక్ష్యం 1958లో భాషా మనస్తత్వవేత్త జీన్ బెర్కో ప్రచురించిన పరిశోధన. ఆమె ఒక ఊహాజీవి బొమ్మ చూపి, దాని పేరు ‘వగ్’ అని చెప్పి, రెండుంటే ఏమంటారని అడిగితే, ఆ మాటను ఎన్నడూ వినని పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు పద్ధతిలో ‘వగ్జ్’ అన్నారు. ‘టిమకం’ అనే అర్థంలేని మాట ఇస్తే మనమూ తడుముకోకుండా ‘టిమకాలు’ అంటాం. అయితే అది సూత్రం ప్రకారం వచ్చిందా, తెలిసిన మాటల పోలికతో వచ్చిందా అన్న దగ్గరే పండితులు విడిపోయారు. సూత్రమేదీ పొందుపరచని కంప్యూటర్ నమూనా కూడా ఇంగ్లీషు భూతకాల రూపాలు నేర్చుకోగలదని 1986లో మనస్తత్వవేత్తలు రూమెల్‌హార్ట్, మెక్‌క్లెలండ్ చూపగా, 1988లో పింకర్, ప్రిన్స్ దాని లోపాలను విస్తారంగా ఎత్తిచూపారు. క్రియకు గట్టిగా నాలుగైదు రూపాలే ఉన్న ఇంగ్లీషు మీద ఇంత వాదం నడవడం, నా దృష్టిలో, ఈ శాస్త్రానికి కొంత నష్టమే చేసింది.

హీబ్రూలో ధాతువు (అంటే మాటకు మూలం) హల్లులు అచ్చుల మధ్య విడివిడిగా పరుచుకుని ఉంటాయి. అయినా ధాతువు ఒకటే అయిన మాటను కంటికి అందనంత వేగంగా ముందు చూపిస్తే, తరువాతి మాటను పాఠకులు త్వరగా గుర్తుపడతారు. అంటే అలా చెదిరి ఉన్న ధాతువును కూడా మనసు మాటలోంచి విడదీసి పట్టుకుంటున్నదన్నమాట.

ఫిన్నిష్‌లో పరిస్థితి మరింత ఆసక్తికరం. అక్కడ ఒక్క నామవాచకానికే, అన్ని ప్రత్యయాలనూ లెక్కిస్తే, సుమారు 2000 రూపాలు సాధ్యం. పొడవులోనూ వాడుకలోనూ సమానమైన రెండు మాటలను ఇస్తే, ప్రత్యయం చేరిన మాటను గుర్తించడానికి ఫిన్నిష్ పాఠకులకు ఎక్కువ సమయం పడుతుంది, పొరపాట్లూ ఎక్కువే. అంటే మనసు ఆ మాటను విడదీసి చూస్తున్నదన్నమాట. మిక్కిలి తరచుగా వాడే రూపాల దగ్గర మాత్రం ఈ ఆలస్యం కనబడదు, ఎందుకంటే అవి అలాగే నిలవైపోయి ఉంటాయి. అయితే చిన్ననాటి నుంచి ఫిన్నిష్‌తో పాటు స్వీడిష్ కూడా మాట్లాడుతూ పెరిగినవారు, ఫిన్నిష్ రూపాలు వారి చెవిన తక్కువసార్లు పడటం వల్ల కాబోలు, ఆ తరచు రూపాలను సైతం విడదీసే చదువుతున్నట్లు పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఒకే భాష మాట్లాడే ఇద్దరిలో కూడా ఈ పని ఒకే తీరున జరగనక్కరలేదు.