నాన్నకు దాచకుండా రాయి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెప్పినదంతా రాత్రి చాలాసేపు ఆలోచించాను. పోయిన సెమిస్టరులో రెండు సబ్జెక్టులు తప్పావు, మళ్ళీ రాయడానికి ఫీజు గడువు దగ్గరపడింది, చేతిలో డబ్బు లేదు. పుస్తకాలకని చెప్పి ఇంటి నుంచి తెప్పించుకుందామన్న ఆలోచన మాత్రం ఇక్కడితో వదిలెయ్యి తల్లీ. కాలేజీ పరీక్షల విభాగంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఒకటి రెండు సబ్జెక్టులు పోయాయని పిల్లల మీద మనసు విరుచుకున్న తల్లిదండ్రులు అరుదు. మూడో ఏడాదిలో మెమోలన్నీ ఒక్కసారిగా బయటపడి, మా కిటికీ ముందు మాట రాక నిలబడిపోయిన తండ్రులను మాత్రం చాలామందిని చూశాను.

నాన్నకు రాయి, తెలుగులోనే రాయి. ఫోను చేస్తే నీకు ఏడుపు వస్తుంది, అక్క కంగారుపడుతుంది, బావ "సరేలే, ఎంత పంపమంటావు" అని పెట్టేస్తారు. అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినా చాలు. అంకెలు ఎదురుగా ఉంటే ఆయన తీరికగా మళ్ళీ చదువుకుంటారు.

క్షేమ సమాచారం అయ్యాక పరీక్షల సంగతే ముందు రావాలి. ఏ సబ్జెక్టులు పోయాయి, ఇంటర్నల్స్‌లో 40కి ఎన్ని, యూనివర్సిటీ పరీక్షలో 60కి ఎన్ని వచ్చాయి, మళ్ళీ ఎప్పుడు రాస్తావు, అన్నీ రాయి. "పేపరు కష్టంగా వచ్చింది" అన్నంత మాత్రాన ఆయనకు ఏమీ తెలియదు. ఏ పాఠం దగ్గర ఆగిపోయావో రాయి. హాజరు శాతం కూడా రాయి. 75 ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపించి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. అంతకన్నా తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. అలాంటి కబురు నోటీసు బోర్డు ఎక్కాక ఇంటికి చేరకూడదు.

ఇక డబ్బు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మీ కాలేజీ ఖర్చులకూ మీ పొలం రాబడికీ నెలలు కలవవు. జూలై, ఆగస్టుల్లో నీకు ఫీజులు, బావకు మిర్చి నారు, దుక్కి, ఎరువులు. నీ సెమిస్టరు పరీక్షల వేళకు తోటకు మందులు, ఆపైన కోత కూలీలు. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి అమ్మి నాలుగు రూపాయలు చూసేది ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానే. ఈ మధ్యలో నువ్వు "రేపటికి పదివేలు కావాలి" అంటే ఆయన కాదనరు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నెలకు 200, ఏడాదికి 2,400. అదే నెల ముందు తెలిస్తే పాల డబ్బుతోనో, పత్తి డబ్బుతోనో సర్దుతారు. అందుకే ఎంత కావాలో రాసినచోటే ఏ తేదీకి కావాలో కూడా రాయి. పరీక్ష ఫీజు గడువు దాటితే అపరాధ రుసుము మెట్లు మెట్లుగా పెరుగుతుంది.

ఖర్చు లెక్కలో "చిల్లర ఖర్చులు" అని పెద్ద మొత్తం వేసి ఊరుకోకు. ఫోనులో చేసిన చెల్లింపుల జాబితా నెలాఖరున తెరిస్తే టీలూ, ఆటోలూ, జిరాక్సులూ అన్నీ అక్కడే ఉంటాయి. స్నేహితురాలి పుట్టినరోజుకు పెట్టిన ఖర్చునూ అలాగే రాయి. అందులో తప్పేమీ లేదు, దాన్ని రికార్డు పుస్తకాల ఖాతాలో వేయడమే తప్పు. మీ హాస్టల్లో మెస్ ఖర్చును తిన్న రోజుల లెక్కన పంచుతారన్నావు కదా, ఇంటికి వచ్చే రోజులు ముందే రాసి ఇస్తే నీ వాటా తగ్గుతుంది. ఎవరి దగ్గరైనా అప్పు చేసి ఉంటే అదీ చెప్పు. అప్పులిచ్చే ఫోను యాప్‌ల జోలికి మాత్రం, ప్రాణం మీదకు వచ్చినా, పోవద్దు. నాకు ఫోను చెయ్యి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఈ-పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఏటా చేయించే రెన్యువల్ నీ బాధ్యత. ఆదాయ ధ్రువపత్రం కావాలంటే బావ పని మానుకుని మీసేవకు వెళ్ళాలి, ముందే చెప్పు.

"ఇకనుంచి బాగా చదువుతాను" అని రాయకు. ఏ మాస్టారి దగ్గర, ఏ వేళప్పుడు, ఏ పాఠాలు చెప్పించుకుంటావో రాయి. తోట ఎలా ఉందో అడుగు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను తినేసినప్పటి నుంచి పూత సమయంలో ఆయనకు నిద్ర ఉండదు. ఆ దిగులు నీకూ తెలుసని ఆయనకు తెలియాలి.

ఈ రాత్రే రాయి. నాకు ముందే చెప్పానన్న మాట కూడా అందులో ఉండనీ. బావ అడిగితే నేను తెలియనట్టు మాట్లాడలేను.

మీ మామయ్య